దబ్బనం గాట్లు

మంగళవారం పదిన్నరకు
గడియారం సెంటర్ల జిరాక్సు షాపు మీది గదిల
మా మీటింగు.
ఫ్యాను మూడు మీద పెడితే కాగితాలు లేస్తయి,
రెండు మీద పెడితే మేం ఉడుకుతం.
కాగితాలనే లెక్కజేసి
రెండు మీదనే ఉంచుత.

మల్సూరు ఆలస్యంగ వచ్చిండు.
మిర్యాలగూడ బస్సు దిగి, మెట్లెక్కి,
సీసెడు నీళ్లు గటగట తాగి
ఫైలు తెరిచి చదువుతుండు:
"జానయ్య. నలభై ఒక్క ఏండ్లు.
దవాఖాన నుంచి వచ్చి పదహారు నెలలు.
రైస్ మిల్లుల బస్తాలు కుట్టే పని.
డెబ్బై నాలుగో రోజు.
హాజరు నూటికి నూరు."

నూటికి నూరు అన్నప్పుడు
అతని కండ్లు నా మీద లేవు,
కిటికీ అవతల కరెంటు తీగ మీదున్నయి.

పన్నెండేండ్ల సంది ఈ కుర్చీల కూసుంటున్న.
అబద్ధం ముందుగాల నోట్లకు రాదు,
వేళ్లల్లకు వస్తది.
చూపుడు వేలు పక్కన, బొటనవేలు కొసన
ఎర్రగ నాలుగైదు గాట్లు.
చెవుల ఎనక తవుడు.

"దబ్బనం ఎప్పటి సంది పడుతున్నవ్ మల్సూరూ?"

నవ్వబోయి ఆగిండు.
యాసంగి వడ్లొచ్చినయి మేడం,
లారీలు బైపాసు దాకా నిలవడ్డయి.
డాక్టరు గోలీ మార్చిన వారం.
పురికొస బెజ్జంల దూరనంత వణుకు ఆయన చేతులల్ల.
సేటు రెండుమార్లు గడియారం చూసిండు.
ఇంకోసారి చూస్తే అయిపోతదని
నేనే కూసున్న.
రెండు రోజులు.

ఇక్కడ నేను మాట్లాడాలె.
దానికే నాకు జీతం.
"తోడు నిలబడు, చోటు గుంజుకోకు" అని
ముప్పై మందికి నేనే బోర్డు మీద రాసి చూపిన.
సుద్దముక్కతోని రాసుడు అలకన.
సుద్దముక్కకు సేటు ఉండడు.

దేవరకొండ యాదికొచ్చింది.
అప్పుడు నేను కొత్త.
కుట్టుమిషన్ల షెడ్డుల బుజ్జమ్మ కుట్టాల్సిన కాజాలు
రాత్రి ఇంటికి తెచ్చుకొని నేను కుట్టిన.
ఎవ్వరికీ చెప్పలే.
పదకొండు వారాలు 'నిలదొక్కుకుంది' అని రాసుకున్న.
నాకు జ్వరమొచ్చిన వారం
ఆమె పని పోయింది.

ఇదంత చెప్పాల్నా వద్దా అని
పెన్ను మూత తీసుడు, పెట్టుడు.
సక్రి వినవడనట్టు
చాయ గ్లాసులు సదురుతుంది.

మల్సూరే అన్నడు:
"మూడోనాడు ఆయనే నన్ను లేపిండు మేడం.
నా చేతులకెల్లి దబ్బనం గుంజుకొని
సీదా సేటు తానకు పోయిండు.
ఎంటవోతే ఆగుమన్నడు.
పొట్టు మిషన్ మోతల నాకేం వినవడలే.
ఒచ్చి చెప్పిండు:
గోలీలు మింగుతున్న, చేతులు వణుకుతయి,
రెండు వారాలు గంటకు ఇరవై బస్తాలే అయితయి,
కూలి గూడ అంతకే ఇయ్యి అన్ననని.
సేటు శానసేపు ఏమనలేదట.
'పెద్ద బెజ్జంది తీస్కో' అన్నడట."

జేబులకెల్లి మడతవెట్టిన నోట్లు తీసి
బల్ల మీద పెట్టిండు.
తవుడు వాసన.
"శనివారం కూలి పంచినంక ఇచ్చిండు.
రెండు దినాలు నువ్వు కుట్టినవు, ఇవి నీయి,
నా పని నువ్వు చేసి
నన్ను బాకీదారును చేయకు, అన్నడు."

పదకొండు వందలు.
గాలికి మీది నోటు లేస్తుంటే
సక్రి స్టాప్లరు తెచ్చి బరువు పెట్టింది.

మా ఫారంల ఇరవై రెండు గడులున్నయి,
హాజరు, కూలి, గోలీలు, నిద్ర, గొడవలు.
ఇవి ఏ గడిల రాయాలె?

నూటికి నూరు కొట్టేయమన్న.
డెబ్బై నాలుగుల రెండు తీసేయమన్న.
తొంభై దినాలకు ఇంక పద్దెనిమిది.
వేలు నొచ్చి, పెన్ను మార్చి పట్టుకొని
మల్సూరు కొట్టేసిండు.

తిట్టలే. మెచ్చుకోనూ లే.
దేవరకొండ సంగతి మటుకు చెప్పిన,
మొదటిసారి, ఇద్దరి ముందర.
చాయ చల్లారి మీగడ కట్టింది.

మెట్లు దిగేటప్పుడు అడిగిన:
"నిజం చెప్పు, నీ కుట్టు ఎట్లున్నది?"
"ఆరు బస్తాలు ఊడినయి మేడం," అన్నడు,
"ఆయనే మళ్ల కుట్టిండు."